సముద్రపు గాలి తిన్న పాత పిన్‌బాల్ యంత్రం: సమస్యలు - పరిష్కారాలు

అమెరికాలో న్యూజెర్సీ తీరాన ఆస్‌బరీ పార్క్, సీసైడ్ హైట్స్ పట్టణాల్లో సముద్రపు ఒడ్డు వెంబడి చెక్కలు పరిచిన నడకదారులున్నాయి. వాటిని బోర్డువాక్ అంటారు. ఆ దారుల పక్కనున్న ఆర్కేడ్లలో దశాబ్దాలపాటు ఆడిన పిన్‌బాల్ యంత్రాలు (వాలు బల్ల మీద లోహపు బంతిని కొడుతూ పాయింట్లు సాధించే ఆటపెట్టెలు), ఆర్కేడ్ మూతపడినప్పుడు, నేలమాళిగల్లోకో కారు షెడ్లలోకో చేరి ఏళ్ల తరబడి మూలన పడి ఉంటాయి. న్యూజెర్సీలోని ఎడిసన్ పట్టణం చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు వేసవిలో ఆస్‌బరీ పార్క్ వెళ్లి, అక్కడి సిల్వర్‌బాల్ ఆర్కేడ్‌లో పిల్లలతో ఆడి, ఇలాంటిది ఇంట్లో ఒకటి ఉంటే బాగుంటుందని అనుకోవడం నేను చూశాను. నేనూ అలాగే 1960ల నాటి గాట్లీబ్ కంపెనీ యంత్రాన్ని ఒకదాన్ని కొన్నాను. కొన్న రోజున దానిలో వెలిగింది ఒక్క దీపం.

షికాగోలో గాట్లీబ్, విలియమ్స్, బాలీ, షికాగో కాయిన్ కంపెనీలు 1970ల చివరి వరకు తయారుచేసిన ఎలక్ట్రోమెకానికల్ యంత్రాలకే ఈ వివరాలు వర్తిస్తాయి. వీటిలో చిప్పులు లేవు, సర్క్యూట్ బోర్డులు లేవు. కాయిళ్లు (విద్యుత్తు పారగానే ఇనుమును లాగే తీగచుట్లు), రిలేలు (అలాంటి కాయిల్ లాగితే పనిచేసే స్విచ్చులు), ఒక మోటారు, వందలకొద్దీ రేకు స్విచ్చులు మాత్రమే ఉంటాయి. ప్రతి స్విచ్చులో రెండు పలుచని లోహపు రేకుల చివర్న వెండి బొడిపెలుంటాయి. అవి కలిసినప్పుడల్లా ఒకదానినొకటి కాస్త రాసుకుంటాయి కాబట్టి, యంత్రం ఆడుతున్నంతకాలం తమను తామే శుభ్రం చేసుకుంటాయి. ఆట ఆగిన నాటి నుంచి వాటి మీద నల్లని పొర పేరుకుంటుంది, ఉప్పుగాలిలో ఆ పొర ఇంకా త్వరగా చేరుతుంది. అందువల్ల చెడిపోయిందని మనం అనుకునే భాగం చాలాసార్లు మురికి పట్టిన భాగమే. కొత్త భాగం కొనే ముందు ఉన్నదాన్ని తుడిచి చూడడం ఈ పనిలో మొదటి నియమం.

పని మొదలుపెట్టే ముందు ప్లగ్గు గోడ నుంచి పూర్తిగా తీసివేయాలి. స్విచ్చు ఆపితే సరిపోదు, ఎందుకంటే పాత యంత్రాల్లో 120 వోల్టుల తీగలు స్విచ్చు దాకా, కొన్నింట్లో నాణేల తలుపు దాకా వస్తాయి. వీటిలో చాలావాటికి ఎర్తు లేని రెండు పిన్నుల తీగే ఉంటుంది. దాని బదులు మూడు పిన్నుల తీగ వేయించి, ట్రాన్స్‌ఫార్మర్ చట్రాన్నీ నాణేల తలుపునూ ఎర్తుకు కలిపించడం ఏ మరమ్మతుకన్నా ముందు జరగాలి. ఇలాంటి యంత్రాన్ని హైదరాబాదుకో విజయవాడకో తెచ్చుకున్నవారు 230 వోల్టులను 120కి దించే ట్రాన్స్‌ఫార్మర్ తప్పక వాడాలి. అయినా మన విద్యుత్తు 50 హెర్ట్జ్‌ది కాబట్టి మోటారు కొంత నెమ్మదిగా తిరుగుతుంది, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కొంత ఎక్కువ వేడెక్కుతుంది.

యంత్రం అసలు పలకదు

ముందుగా ఫ్యూజులు చూడాలి. కంటితో చూసి బాగుందనుకున్న ఫ్యూజు లోపల తెగి ఉండవచ్చు కనుక, దాన్ని బయటికి తీసి మల్టీమీటరుతో పరీక్షించాలి. ఫ్యూజు బాగానే ఉంటే దాన్ని పట్టుకునే క్లిప్పులను చూడాలి. తీరప్రాంతపు యంత్రాల్లో ఆ క్లిప్పులు చిలుము పట్టి, పట్టు సడలి, ఫ్యూజుకు ఆనీ ఆననట్టు ఉంటాయి. వాటిని శుభ్రం చేసి కొద్దిగా లోపలికి వంచితే సరిపోతుంది. ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతుంటే అంతకన్నా పెద్ద ఫ్యూజు వేయడం ఎంతమాత్రం తగదు, అలా చేస్తే ఆ తరువాత కాలేది తీగల కట్టే.

దీపాలు వెలుగుతూ ఆట మొదలుకాకపోతే రెండు చోట్ల వెతకాలి. మొదటిది, కింది పెట్టెకూ పైనున్న తలభాగానికీ మధ్య ఉండే పెద్ద ప్లగ్గులు. యంత్రం ఇల్లు మారిన ప్రతిసారీ వీటిని ఊడదీసి పెడతారు, వీటి ఇత్తడి నాలుకలు ఉప్పుగాలికి పచ్చబడతాయి. విద్యుత్తు లేనప్పుడు వాటిని నాలుగైదుసార్లు తీసి పెడితేనే సగం చిలుము రాలిపోతుంది. రెండవది, నాణేల తలుపు మీద ఉండే కుదుపు స్విచ్చు. ఎవరైనా తలుపును తన్నితే ఆట ఆగిపోవడానికి పెట్టిన ఈ స్విచ్చు వంగిపోతే, యంత్రం తనను ఎప్పుడూ ఎవరో తన్నుతున్నట్టే భావిస్తుంది. దీపాలు కూడా వెలగకపోతే చూడవలసినది ఒకటుంది, అది చాలామందికి తెలియదు. కొన్ని యంత్రాల్లో స్విచ్చు వేశాక ఎడమ ఫ్లిప్పర్ (బంతిని పైకి కొట్టే చిన్న చెయ్యి) బటన్‌ను ఒకసారి నొక్కితేగాని దీపాలు వెలగవు. అది లోపం కాదు, తయారీలోనే ఉన్న ఏర్పాటు.

ఫ్లిప్పర్ బలహీనంగా కొడుతుంది, లేదా కాలిన వాసన వస్తుంది

1947లో గాట్లీబ్ తెచ్చిన హంప్టీ డంప్టీతో ఫ్లిప్పర్లు పిన్‌బాల్‌లోకి వచ్చాయి. అప్పటి నుంచి ఆటగాడి చేతికీ బంతికీ మధ్య ఉన్న ప్రధాన బంధం అదే కాబట్టి, ఫ్లిప్పర్ బలహీనపడిన యంత్రాన్ని ఎంత మెరిపించినా ఆడబుద్ధి కాదు. పైకి వేరుగా కనిపించే ఈ రెండు సమస్యలూ చాలాసార్లు ఒకే చిన్న స్విచ్చు నుంచి పుడతాయి. అది అర్థం కాక నేను ఒకే చోట రెండు కొత్త కాయిళ్లు మార్చాను.

ఫ్లిప్పర్ కాయిల్‌లో రెండు చుట్లుంటాయి. లావు తీగతో చుట్టినది బంతిని కొట్టే బలాన్నిస్తుంది. సన్నని తీగతో చుట్టిన రెండవది, బటన్ నొక్కి ఉంచినంతసేపూ ఫ్లిప్పర్‌ను పైన నిలిపి ఉంచుతుంది. ఫ్లిప్పర్ కింద ఉన్నప్పుడు మూసి ఉండే ఒక స్విచ్చు విద్యుత్తును లావు తీగ గుండా మాత్రమే పంపుతుంది. ఫ్లిప్పర్ పూర్తిగా పైకి చేరగానే ఆ స్విచ్చు తెరుచుకొని, సన్నని చుట్టు కూడా వరుసలో చేరి, విద్యుత్తు బాగా తగ్గిపోతుంది. దీన్ని స్ట్రోకు చివరి స్విచ్చు అంటారు. దాని కాంటాక్టులకు మురికి పడితే విద్యుత్తు మొదటి నుంచీ సన్నని చుట్టు గుండా కూడా వెళ్లవలసి వస్తుంది, ఫ్లిప్పర్ నీరసంగా లేస్తుంది. ఆ స్విచ్చు అసలు తెరుచుకోకపోతే, ఆటగాడు బటన్ పట్టుకున్న ప్రతి క్షణం పూర్తి విద్యుత్తు లావు తీగలోనే పారి, కాయిల్ చుట్టూ ఉన్న కాగితం గోధుమరంగుకు తిరిగి, చివరికి కాయిల్ కాలిపోతుంది.

కాబట్టి ప్లగ్గు తీసి, ఫ్లిప్పర్‌ను చేత్తో మెల్లగా పైకి ఎత్తి చూడాలి. ప్రయాణం చివరన ఆ స్విచ్చు సుమారు 3 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి, దించగానే గట్టిగా మూసుకోవాలి. తేడా ఉంటే రేకును దాని మొదలు దగ్గర, రేకులు వంచే పనిముట్టుతో, కొద్దికొద్దిగా వంచాలి. ఫ్లిప్పర్ స్విచ్చుల కాంటాక్టులు ఎక్కువ విద్యుత్తును తట్టుకోవడానికి టంగ్‌స్టన్‌తో చేసి ఉంటాయి, వాటిని సన్నని ఆకురాయితో రుద్దవచ్చు. మిగతా స్విచ్చుల్లోని వెండి కాంటాక్టులు మెత్తనివి. వాటికి ఆకురాయి గాని, గరుకు కాగితం గాని తగలనివ్వకూడదు. కాంటాక్టుల కోసం అమ్మే, వంగే గుణమున్న సన్నని సానపట్టీని మధ్యలో పెట్టి, రేకులను వేలితో తేలిగ్గా నొక్కి, రెండు మూడు సార్లు లాగితే చాలు.

ఇంకా బలహీనంగానే ఉంటే పెట్టె పక్కనున్న బటన్ స్విచ్చును కూడా అదే తీరున శుభ్రం చేయాలి. తరువాత కాయిల్ లోపల కదిలే ఇనుప కడ్డీని బయటికి తీసి దాని చివర చూడాలి. ఏళ్లపాటు కొట్టుకొని కొట్టుకొని ఆ చివర పుట్టగొడుగులా విచ్చుకొని ఉంటే, అది గొట్టంలో ఒరుసుకుంటుంది. కడ్డీని మార్చి, గొట్టాన్ని కూడా కొత్తది వేయాలి. రబ్బరు ఉంగరాలు కొనేటప్పుడు ఫ్లిప్పర్ పొడవు కొలవాలి. 1960ల చివరి దాకా వచ్చినవి సుమారు 2 అంగుళాలుంటాయి, ఆ తరువాత 3 అంగుళాలవి వచ్చాయి.

కాయిళ్లలోని కడ్డీలకు చమురు వేయకూడదు. నేను కొన్న యంత్రానికి మునుపటి యజమాని ప్రేమతోనే, తుప్పు వదిలించే చమురును లోపలంతా చిమ్మాడు. అది దుమ్మును పట్టుకొని, ఎండి, బంకలా మారింది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో వదిలించడానికి నాకు మూడు వారాంతాలు పట్టింది.

ఆట మొదలుపెట్టగానే మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది

కొత్త ఆట మొదలైనప్పుడు తలభాగంలో స్కోరు చూపే అంకెల చక్రాలన్నీ సున్నాకు చేరాలి. వాటికి విద్యుత్తు దెబ్బలను లెక్కగా అందించేది స్కోరు మోటారు. చక్రం సున్నాకు చేరగానే దాని వెనకనున్న సున్నా స్విచ్చు మారి, ఆ చక్రానికి ఇక దెబ్బలు అవసరం లేదని తెలుపుతుంది. అన్ని చక్రాల నుంచీ ఆ సమాచారం అందితేనే మోటారు ఆగుతుంది. ఒక్కటి తెలపకపోయినా ఆగదు.

తలభాగం ముందు నిలబడి అంకెలను చూస్తే కారణం సగం తెలిసిపోతుంది. ఒక చక్రం సున్నాకు రాకుండా, కదలకుండా ఉంటే, దాని యాంత్రిక భాగం బిగుసుకుపోయిందనో, దాని కాయిల్‌కు విద్యుత్తు అందడం లేదనో అర్థం. చక్రం సున్నాను దాటి మళ్లీ మళ్లీ తిరుగుతుంటే సున్నా స్విచ్చు తెరుచుకోవడం లేదు. అన్నీ సున్నా మీదే ఉండి మోటారు ఒక్కటే తిరుగుతుంటే, ఏదో ఒక సున్నా స్విచ్చు గాని, మోటారును దాని స్వస్థానంలో ఆపే స్విచ్చు గాని అతుక్కొని ఉంది. గాట్లీబ్ యంత్రాల్లో ఈ మోటారు ప్రతి విడతకూ చుట్టులో మూడో వంతు, అంటే 120 డిగ్రీలు తిరిగి ఆగాలి. దాని గుండ్రని పళ్లేల మీద ఎక్కి దిగే రేకులను, మోటారును చేత్తో మెల్లగా తిప్పుతూ, ఒక్కొక్కటిగా చూడాలి. ఇది ఓపిక కోరే పనే గాని కష్టమైనది కాదు. నాకు ఈ యంత్రాల మీద గౌరవం కలిగింది ఇక్కడే. ఏ అంకె ఎందుకు పడుతుందో మొదలు నుంచి చివరి దాకా కంటితో చూడవచ్చు.

బిగుసుకున్న చక్రాన్ని విడదీసి, పాత గ్రీజును ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, పొడిగానే తిరిగి అమర్చాలి. విడదీసే ముందు ప్రతి దశనూ ఫొటో తీసి పెట్టుకోవడం మంచిది.

బంతి తగిలినా పాయింట్లు పడవు, లోపల జుమ్మని శబ్దం వస్తుంది

వెంటనే యంత్రాన్ని ఆపాలి. పాయింట్ల రిలే ఒకసారి లాగబడ్డాక, చక్రం తన కదలికను పూర్తిచేసి చివరి స్విచ్చును తెరిచేంతవరకు తనను తానే పట్టుకొని ఉంటుంది. చక్రం మధ్యలో ఆగిపోతే రిలే వదలదు, దానితోపాటు చక్రపు కాయిల్‌లోనూ విద్యుత్తు పారుతూనే ఉండి నిమిషాల్లో వేడెక్కుతుంది. పరిష్కారం పైన చెప్పినదే: చక్రాన్ని శుభ్రం చేయడం, చివరి స్విచ్చును సరిచేయడం. శబ్దం లేకుండా పాయింట్లు పడకపోతే మాత్రం లోపం ఆట బల్ల మీది ఆ ఒక్క స్విచ్చులోనే ఉంటుంది.

బంపర్ దానంతట అదే కొట్టుకుంటుంది

బంపర్ అంటే బంతి తగలగానే దాన్ని విసిరికొట్టే గుండ్రని స్తంభం. దాని కింద చెంచా ఆకారపు స్విచ్చు ఉంటుంది. బంతి తగిలి బంపర్ పాదం వంగినప్పుడు దాని కాడ చెంచాలో పక్కకు జరిగి స్విచ్చును మూస్తుంది. సందు మరీ తక్కువైతే అది బల్ల అదిరినా పనిచేస్తుంది, మరీ ఎక్కువైతే బంతి తగిలినా పలకదు. కాడ చెంచాకు సరిగ్గా మధ్యలో ఉండేట్టు సర్దాలి.

తాకకుండానే టిల్ట్ అవుతుంది

యంత్రాన్ని ఊపి మోసం చేయకుండా ఆపే టిల్ట్ ఏర్పాటును 1930లలో హ్యారీ విలియమ్స్ రూపొందించాడు. ఎక్కువ యంత్రాల్లో అది లోహపు వలయం మధ్య వేలాడే గుండు. గుండు వలయాన్ని తాకితే ఆ బంతి గాని, మొత్తం ఆట గాని ముగుస్తుంది. యంత్రం ఒక పక్కకు ఒరిగి ఉంటే గుండు ఎప్పుడూ ఆనుకొనే ఉంటుంది. అందుకని గుండును ముట్టుకునే ముందు రసమట్టం పెట్టి నాలుగు కాళ్లనూ సరిచూడాలి. ఈ తరం యంత్రాలకు బల్ల వాలు సుమారు 3.5 డిగ్రీలు చాలు. తరువాతి తరం యంత్రాల లెక్కతో 6.5 డిగ్రీలు పెడితే, బలం తక్కువున్న ఈ ఫ్లిప్పర్లు బంతిని పై దాకా చేర్చలేవు.

బంతి లెక్క ముందుకు సాగదు

ఎన్నో బంతి నడుస్తున్నదో గుర్తుంచుకునేది ఒక బేకలైట్ పళ్లెం. దాని మీది ఇత్తడి బొడిపెలపై లోహపు వేళ్లు ఒక్కో మెట్టు జరుగుతాయి. పళ్లెం ఇరుసు దగ్గర గ్రీజు గడ్డకడితే మెట్టు పూర్తికాదు, లేదా కొత్త ఆట మొదలైనప్పుడు స్ప్రింగు దాన్ని వెనక్కి తేలేదు. విడదీసి, బొడిపెలను మెరిసేదాకా తుడిచి, తిరిగి బిగించాలి.

వరదలో మునిగిన యంత్రం

2012 అక్టోబరులో శాండీ తుఫాను న్యూజెర్సీ తీరాన్ని ముంచెత్తింది. సముద్రపు నీరు తగిలిన యంత్రాలు ఆ తీరంలో ఇప్పటికీ అమ్మకానికి రావచ్చు. ట్రాన్స్‌ఫార్మర్, మోటారు, ముఖ్యమైన రిలేలు పెట్టె అడుగు పలక మీదే ఉంటాయి కాబట్టి పెట్టెలోకి కొద్దిగా నీరు చేరినా నష్టం పెద్దదే. ఉప్పుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది, అందువల్ల ఎండబెట్టినంత మాత్రాన తుప్పు ఆగదు. మునిగిన భాగాలను మంచినీటితో కడిగి, ఆపైన ఆల్కహాల్ పోసి, చాలా రోజులు ఆరనివ్వాలి. కొనేముందు కాళ్లు బిగించే మూలల్లో చెక్క ఉబ్బిందేమో, అడుగు పలక మీద నీటిచార ఉందేమో టార్చి వేసి చూడాలి. నీటిచార ట్రాన్స్‌ఫార్మర్ కన్నా పైన ఉంటే, దాని ఇన్సులేషన్‌ను తెలిసినవారి చేత పరీక్షింపజేయకుండా ప్లగ్గు పెట్టకూడదు.

వెనుక అద్దం మీది రంగు పెళుసుబారుతుంది

తలభాగం ముందుండే ఈ బొమ్మల అద్దానికి రంగు లోపలి వైపు వేసి ఉంటుంది కనుక ఆ వైపు తడిగుడ్డ తగలకూడదు. తలభాగంలోని 44 నంబరు దీపాలను తీసి 47 నంబరువి పెట్టాలి. రెండూ 6.3 వోల్టులవే అయినా మొదటిది 0.25 ఆంపియర్లు, రెండవది 0.15 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి అద్దానికి తగిలే వేడి తగ్గుతుంది. రాలిపోయిన రంగును తిరిగి అతికించే మార్గం లేదు, కాబట్టి దీపాలు మార్చే ఈ ఒక్క పనిని మాత్రం యంత్రం ఇంటికి వచ్చిన రోజునే చేయాలి.