పెద్ద సంఖ్యను 7, 11, 13 భాగిస్తాయా? మూడేసి అంకెలు విడగొట్టండి

పిల్లలకు 3, 9 సూత్రాలు నోటికొస్తాయి, 7 దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. వాళ్లకిది తప్పకుండా చూపించండి.

34,86,12,355 తీసుకోండి. మన లక్షలు, కోట్ల కామాలు పక్కనపెట్టి కుడివైపు నుంచి మూడేసి అంకెలు విడగొడితే 348, 612, 355. ఇప్పుడు కుడి గుంపుతో మొదలుపెట్టి ఒకటి తీసేస్తూ, ఒకటి కలుపుతూ పోండి: 355 − 612 + 348 = 91. అంటే 7×13. కాబట్టి ఆ పెద్ద సంఖ్యనూ 7, 13 నిశ్శేషంగా భాగిస్తాయి. 91ని 11తో భాగిస్తే 3 మిగులుతుంది, పెద్ద సంఖ్యకూ అదే శేషం!

కిటుకంతా 7×11×13 = 1001లో ఉంది. ఎంత ముచ్చటైన లబ్ధమో! వెయ్యి దానికి ఒకటే తక్కువ, అంటే 7, 11, 13తో భాగించేటప్పుడు వెయ్యిని −1గా లెక్కపెట్టొచ్చు. అందుకే ఒక్కో గుంపుకీ +, − గుర్తు మారుతూ వస్తుంది.

జవాబు రుణసంఖ్య వస్తే, భాగిస్తుందో లేదో చూడటానికి గుర్తు వదిలేయొచ్చు.