ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో ముందుగా రెండో ప్రశ్న
ఒంగోలు, కావలి, నెల్లూరు ప్రాంతాల నుంచి విదేశీ చదువుల కోసం ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అనే ఆంగ్ల భాషా సామర్థ్య పరీక్షకు సిద్ధమవుతున్న విద్యార్థులు రైటింగ్ విభాగంలో రెండో ప్రశ్నను ముందుగా రాయడం మేలని నా గట్టి అభిప్రాయం. మొత్తం 60 నిమిషాల ఈ విభాగంలో, గ్రాఫునో పట్టికనో వివరిస్తూ కనీసం 150 పదాలు రాయవలసిన మొదటి ప్రశ్నకన్నా, కనీసం 250 పదాల వ్యాసం కోరే రెండో ప్రశ్నకు రెట్టింపు విలువ ఉంటుంది. అయినా చాలామంది గ్రాఫులోని ప్రతి ఏడాది అంకెనూ వరుసగా రాసుకుంటూ పోయి, వ్యాసానికి ముగింపు పేరా రాసే వ్యవధి కూడా మిగుల్చుకోరు. వ్యాసానికి 40 నిమిషాలు కేటాయించి, అందులో తొలి కొద్ది నిమిషాలను ఆలోచనలను వరుసలో పెట్టుకోవడానికి వాడండి. గ్రాఫు విషయంలో ఏది బాగా పెరిగిందో, ఏది తగ్గిందో ఎంచి, తగిన అంకెలతో పోల్చి చెబితే 20 నిమిషాలు సరిపోతాయి.