పాత వాటర్ రైడ్ ఎక్కే ముందు జాగ్రత్తలు

చెన్నైలో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) వైపు పిల్లలతో పార్కుకి వెళ్తున్నారా? పాత రైడ్లలో మనం కూర్చునే తీరే సగం రక్షణ. దుంగ ఆకారపు పడవలు చాలావాటిలో ఒడి మీదకు దిగే బార్ ఉండదు. చేతిలోని పిడే ఆధారం, కాబట్టి పడవ ఆగేదాకా లేవకండి.

• ముందు కొంతమంది దిగేదాకా నిలబడి చూడండి. నీళ్లు సన్నగా పారుతున్నా, స్లైడ్ ఫైబర్ అతుకులు లేచి ఉన్నా ఎక్కకండి. టికెట్ డబ్బులు పోతే పోనీ.

• నిటారు బాడీ స్లైడ్‌లో వెల్లకిలా పడుకుని, చీలమండల దగ్గర కాళ్లు ఒకదానిపై ఒకటి వేసి, చేతులు ఛాతీ మీద కట్టుకోండి. కాళ్లు విడిపోతే కింద నీళ్లు బలంగా కొట్టి లోపలి గాయాలు కావచ్చు. ఆడవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

• పిల్లల ఎత్తు సరిపోకపోతే "ఈ ఒక్కసారికి పంపండన్నా" అని ఆపరేటర్‌ని బతిమాలకండి. ఒళ్లో కూర్చోబెట్టుకుని జారడం ఇంకా ప్రమాదం. చిన్న కాలు గోడకు, మీ ఒంటికి మధ్య ఇరుక్కుంటే విరగొచ్చు.

• గొలుసులు, గాజులు, చున్నీ తీసేయండి.

• గర్భిణులు, గుండె జబ్బు, మెడ, నడుము నొప్పి ఉన్నవాళ్లు ఎక్కవద్దు.

• కిందికి చేరగానే పక్కకు తప్పుకోండి. వెనకాల మరొకరు వచ్చేస్తుంటారు.