అన్నవాహిక క్యాన్సర్ ఆపరేషన్: రోగికి పోషణ అందించే విధానం

ఆపరేషన్ ఖాయమైన రోజే రోగి బరువు చూసి, ఆరు నెలల కిందటి బరువుతో పోల్చాలి. 60 కిలోల మనిషి 54కు తగ్గాడంటే పోషకాహార నిపుణులను వెంటనే కలవాలి. లోపం తీవ్రమైతే శస్త్రచికిత్సను 7 నుంచి 14 రోజులు వాయిదా వేసైనా ముందు పోషణ అందించడం మేలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

సాధారణంగా రోజుకు కిలో బరువుకు 25 నుంచి 30 కేలరీలు, 1.5 గ్రాముల వరకు ప్రోటీన్ లక్ష్యంగా పెడతారు. 60 కిలోల వారికది 90 గ్రాములు. ఒక గుడ్డు ఇచ్చేది సుమారు 6 గ్రాములే. జబ్బు మనిషికి పలచని గంజి చాలుననుకోవడం మన ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు. మింగడం కష్టమైనప్పుడు, మెత్తగా ఉడికిన పెసరపప్పును రుబ్బి, వడకట్టి, పాలపొడి, నెయ్యి కలిపి, రెండు గంటలకోసారి చిన్న గిన్నెడు తాగించవచ్చు. మధుమేహం, కిడ్నీ జబ్బు ఉన్నవారి లెక్క వేరు.

ఆపరేషన్‌కు ముందు నీళ్లు ఎప్పుడు ఆపాలో మత్తు డాక్టరే చెప్పాలి.

తర్వాత కొన్నాళ్లు చిన్నపేగులోకి అమర్చిన గొట్టమే ఆధారం కావచ్చు. ఆహారాన్ని ఒక్కసారిగా కాక, నిదానంగా ఎక్కించాలి. తల వైపు ఎత్తుగా ఉంచాలి. ప్రతిసారీ ముందూ వెనకా 30 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటితో గొట్టాన్ని శుభ్రపరచాలి. చిక్కటి రాగిజావ, సరిగా నూరని మాత్రలు దాన్ని ఇట్టే మూసేస్తాయి.