ఎండాకాలంలో మగవాళ్ల ఒళ్లు, బట్టలు: సమస్య - పరిష్కారం

రామగుండంలో 44 డిగ్రీలున్నా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. బెజవాడ, కాకినాడల్లో 38 ఉన్నా ఉక్కపోతే. గాలిలో తేమ ఎక్కువై చెమట ఒంటి మీదే నిలిచిపోతుంది. కింద రాసినవాటిలో చాలావాటికి మూలం అదే.

పొద్దున స్ప్రే కొట్టుకున్నా మధ్యాహ్నానికి చంకలో వాసన

చెమటకి దానంతట దానికి పెద్దగా వాసన ఉండదు. చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని తిని విడిచేవే కంపు కొడతాయి. డియోడరెంట్ ఆ వాసనను కప్పుతుందే గాని చెమటను ఆపదు. ఆపేది యాంటీపెర్స్పిరెంట్. కొనేముందు డబ్బా వెనక అల్యూమినియం అన్న మాట ఉందో లేదో చూడండి. దాన్ని రాత్రి పడుకునే ముందు, బాగా తుడుచుకున్న చంకలకి రాయాలి. రాత్రిపూట చెమట తక్కువ కాబట్టి మందు రంధ్రాల్లో కుదురుకుంటుంది, పొద్దున స్నానం చేసినా పని చేస్తూనే ఉంటుంది. అయినా వాసన తగ్గకపోతే చొక్కా చూసుకోండి. పాలిస్టర్ ఉతికాక కూడా వాసన పట్టుకునే ఉంటుంది.

తెల్లచొక్కా చంకల్లో పసుపు మరకలు

అల్యూమినియం, చెమట కలిసి చేసే పని ఇది. మరక కనబడగానే బ్లీచ్ పోస్తారు, దాంతో పసుపు ఇంకా ముదురుతుంది. వంటసోడాలో కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి ముద్దలా చేసి మరక మీద పట్టించండి. అరగంట ఆగి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది చన్నీళ్లతో ఉతకండి. ఇది తెల్ల నూలు బట్టలకి మాత్రమే. మరక పూర్తిగా పోకముందు ఇస్త్రీ చేయొద్దు, వేడికి అది పాతుకుపోతుంది.

గజ్జల్లో దురద, గుండ్రటి ఎర్ర మచ్చ

అంచు ఎర్రగా కాస్త ఉబ్బి, మధ్యలో చర్మం మామూలుగా కనబడుతుంటే చాలావరకు అది తామరే. అంటే ఫంగస్. బిగుతు జీన్స్, తడి డ్రాయరు దానికి ఊతం.

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా దెబ్బ తింటున్నారు. సిగ్గుతో డాక్టరు దగ్గరికి వెళ్లకుండా మెడికల్ షాపులో ఏదో ట్యూబు అడిగి తెచ్చుకుంటారు. దాని మీద క్లోబెటాసాల్, బీటామెథసోన్ అని ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. రెండు రోజుల్లో దురద మాయమవుతుంది, మానేయగానే రెట్టింపై వస్తుంది. నెలల తరబడి రాస్తే గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి, ఆ చారలు ఇక పోవు. దయచేసి అది రాయకండి. చర్మ డాక్టరుకి చూపించుకోండి. మచ్చ కనబడకుండా పోయినా చెప్పినన్ని వారాలూ మందు వాడండి. తువ్వాలు వేరుగా పెట్టుకోండి, డ్రాయర్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లకీ ఒకేసారి వైద్యం జరగాలి, లేదంటే మళ్లీ మీకే అంటుకుంటుంది.

వీపు మీద చెమటకాయలు

చెమట రంధ్రాలు పూడుకుపోవడం వల్ల వస్తాయి. తడి ఒంటి మీద పౌడరు దట్టంగా చల్లితే పేస్టులా తయారై ఇంకా మూస్తుంది. చల్లటి స్నానం, ఫ్యాను గాలి, వదులు బనీను, కాలమైన్ లోషన్ చాలు.

గడ్డం గీశాక మెడ మీద కురుపులు

ఎక్కువగా వెంట్రుకలకి ఎదురు గీయడం వల్ల వస్తాయి. వాలు వెంబడి గీయండి. తగ్గేదాకా ట్రిమ్మరుతో సరిపెట్టుకోండి.

చొక్కా మీద చెమట అచ్చులు

లేత బూడిదరంగు, ఆకాశనీలం చెమటను వెంటనే పట్టిస్తాయి. తెలుపు, ముదురు నీలం, చిన్న పువ్వుల ప్రింటు దాచేస్తాయి. పొందూరు ఖద్దరు, మంగళగిరి నూలు, లినెన్ మంచివి. లినెన్ నూలుకన్నా త్వరగా ఆరుతుంది. కొనేటప్పుడు చెయ్యెత్తి చూడండి, చంక దగ్గర పట్టేస్తుంటే ఆ సైజు వద్దు.

మే నెల పెళ్లికి పట్టుచొక్కా తప్పకపోతే లోపల చేతులున్న నూలు బనీను వేసుకోండి. సెంటు ఒంటికే కొట్టుకోండి, పట్టు మీద పడితే మచ్చ పడుతుంది. ఇంటికి రాగానే చొక్కా మడిచి బీరువాలో పెట్టకుండా నీడలో, గాలి తగిలేచోట వేలాడదీయండి.