టెస్టుకు కొత్త కారా? ఇబ్బంది ఎక్కడుందో ముందే పట్టుకోండి

నేర్చుకున్న కారు ఒకటి, డ్రైవింగ్ టెస్టుకు దొరికిన కారు ఇంకొకటి. బాగా నడిపేవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు. కాలూ చెయ్యీ పాత కారుకు అలవాటుపడి ఉంటాయి కాబట్టి, వాటికి కొత్త బండిని పరిచయం చేయాలి. అందుకు టెస్టుకు ముందు ఒక అరగంటైనా ఆ కారు మీ చేతికి రావాలి. ఆ మాత్రం గట్టిగా అడిగి తీసుకోండి.

బండి కదలబోతూనే ఆఫ్ అయిపోతోంది

ఎక్కువమందికి వచ్చే సమస్య ఇదే. క్లచ్ పట్టే చోటు ఒక్కో కారులో ఒక్కోలా ఉంటుంది. ఒకదాంట్లో పెడల్ కొద్దిగా లేపగానే పట్టేస్తుంది, ఇంకోదాంట్లో దాదాపు పైదాకా వస్తేగానీ పట్టదు. డీజిల్ కారులో నేర్చుకుని పెట్రోల్ కారు ఎక్కినవాళ్లకు ఇంకో చిక్కు. డీజిల్ ఇంజన్ తక్కువ వేగంలోనే బలంగా లాగుతుంది కాబట్టి ఒట్టి క్లచ్ వదిలినా కదిలేది. చిన్న పెట్రోల్ ఇంజన్‌కు చాలాసార్లు కాస్త యాక్సిలరేటర్ కూడా ఇవ్వాలి.

ముందు సీటు సరిచేసుకోండి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి. ఆ తర్వాత సీటు కదపకండి, కదిపితే కాలికి అందిన లెక్క మారిపోతుంది. చదునైన ఖాళీ జాగాలో ఫస్ట్ గేర్ వేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, క్లచ్ మెల్లగా వదలండి. ఒకచోట ఇంజన్ శబ్దం బరువెక్కుతుంది, సన్నగా వణుకు తెలుస్తుంది. కాలు అక్కడే ఆపండి. బండి పాకుతున్నట్టు కదులుతుంది. మళ్లీ తొక్కి, మళ్లీ వదలండి. ఆలోచించకుండానే కాలు ఆ చోట ఆగేదాకా ఇదొక్కటే చేయండి, మిగతావన్నీ తర్వాత.

శిక్షణ కారులో పక్క సీటు వైపు కూడా పెడల్స్ ఉంటే ఒక్క విషయం గమనించుకోండి. మీకు తెలియకుండానే నేర్పేవారి కాలు అప్పుడప్పుడు సాయం చేసి ఉండొచ్చు.

సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ ఆగిపోయింది

న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ వదిలాకే ఆగిందా? అయితే అది ఆటో స్టార్ట్-స్టాప్ పని కావచ్చు. కంగారుపడి తాళం తిప్పకండి, క్లచ్ తొక్కితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. చాలా కార్లలో దీన్ని ఆపే బటన్ ఉంటుంది.

బ్రేక్ వేస్తే తల ముందుకు ఊగుతోంది

ఈ బ్రేకు మీ పాత బ్రేకు కంటే త్వరగా పట్టుకుంటోంది. మడమ నేలకు ఆనించి, కాలివేళ్ల దగ్గరి భాగంతో నొక్కండి. ఆగే క్షణంలో ఒత్తిడి కొద్దిగా తగ్గించండి.

రివర్స్ పడటం లేదు

కొన్ని కార్లలో గేర్ రాడ్ మీదున్న రింగు పైకి లాగాలి, కొన్నింటిలో రాడ్‌నే కిందికి నొక్కాలి. బలం పెట్టకండి. గేర్ నాబ్ మీది బొమ్మ చూసి, బండి పూర్తిగా ఆగాక, క్లచ్ నిండా తొక్కి వేయండి.

ఇండికేటర్ అనుకుంటే వైపర్ తిరుగుతోంది

రెండు మీటలూ అటు ఇటు మారి ఉన్నాయి. ఆగి ఉన్న బండిలోనే చూడకుండా వేసి తీసి చేతికి అలవాటు చేయండి. లైట్లు, హారన్, హ్యాండ్ బ్రేక్ కూడా అలాగే.

రివర్స్ పార్కింగ్ లెక్క తప్పుతోంది

"ఆ కర్ర వెనక అద్దం మూలకు రాగానే స్టీరింగ్ తిప్పాలి" అని బట్టీపట్టిన గుర్తులు మీరు నేర్చుకున్న కారుకే చెల్లుతాయి. పొడవు, అద్దాల కోణం, స్టీరింగ్ తిరిగే మేర అన్నీ మారాయి కదా. అద్దాలు మీ సీటుకు తగ్గట్టు పెట్టుకుని, గోడకో గీతకో దగ్గరగా ఆపి, దిగి, ఎంత ఖాళీ మిగిలిందో కళ్లారా చూడండి. ముందు ఒకసారి, వెనక ఒకసారి, పక్కన ఒకసారి. పాత గుర్తులు వదిలేసి కొత్తవి పెట్టుకోండి.

టెస్టు మధ్యలో ఆగిపోతే?

బ్రేక్ తొక్కి ఉంచండి, హ్యాండ్ బ్రేక్ వేయండి, న్యూట్రల్ చేయండి, స్టార్ట్ చేయండి. కదిలే ముందు అద్దాలు మళ్లీ చూడండి. టెన్షన్‌లో చాలామంది మర్చిపోయేది ఆ చివరిదే.