ఇంగ్లండ్‌లో ఇండిపెండెంట్ సిక్స్త్ ఫామ్ కాలేజీ: చేరే ముందు, చేరాక ఏం చేయాలి

ఇండిపెండెంట్ కాలేజీ అంటే ఫీజు కట్టి చదివే ప్రైవేటు కాలేజీ. జీసీఎస్‌ఈ (అక్కడి పదో తరగతి లాంటి పరీక్షలు) అయ్యాక, పదహారేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా, ఇయర్ 12, ఇయర్ 13 చదివేదే సిక్స్త్ ఫామ్. మన ఇంటర్ లాంటిదే కదా అనుకునే తల్లిదండ్రులు ఇక్కడే పొరబడతారు. ఇంటర్లో మొదటి ఏడాది మార్కులు చేతికొస్తాయి. ఇంగ్లండ్‌లో 2015 నుంచి మొదలైన మార్పులతో ఎ-లెవెల్ (సిక్స్త్ ఫామ్‌లో తీసుకునే ఒక్కో సబ్జెక్టు కోర్సు) పరీక్షలన్నీ రెండో ఏడాది చివర, మే-జూన్‌లలోనే జరుగుతున్నాయి. యూనివర్సిటీకి అప్లికేషన్ మాత్రం అంతకు చాలా ముందే, అక్టోబర్‌లోనో జనవరిలోనో వెళ్లిపోవాలి. అప్పటికి యూనివర్సిటీ చూడగలిగేది కాలేజీ రాసిచ్చే ప్రిడిక్టెడ్ గ్రేడ్లనే, అంటే చివర ఏ గ్రేడ్ రావచ్చన్న అంచనానే. వాటిని ఎక్కువగా ఇయర్ 12 చివర్లో పెట్టే కాలేజీ పరీక్షలను బట్టి వేస్తారు. అంటే సీటు కోసం పోటీ మొదటి పది నెలల్లోనే మొదలైపోతుంది. కాలేజీ ఎంపికైనా, చదువు ప్లానైనా ఈ లెక్క చుట్టూనే కట్టుకోవాలి.

ముందు డిగ్రీ, తర్వాత సబ్జెక్టులు

ఎక్కువమంది మూడు ఎ-లెవెల్స్ చేస్తారు. నాలుగోది ఎక్కువ చేస్తే మెచ్చుకుంటారనుకోవడం పొరపాటు. యూనివర్సిటీల ఆఫర్లు మామూలుగా మూడింటి మీదే ఉంటాయి. ఫర్దర్ మ్యాథ్స్ (మ్యాథ్స్‌కు తోడుగా చేసే మరో ఎ-లెవెల్) చేసేవాళ్లకు మాత్రం నాలుగుకు అర్థం ఉంది.

మెడిసిన్ అయితే కెమిస్ట్రీ దాదాపు తప్పనిసరి, బయాలజీ కూడా ఉంటే తలుపులు ఎక్కువ తెరుచుకుంటాయి. ఇంజనీరింగ్‌కు మ్యాథ్స్, ఫిజిక్స్. కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి పేరున్న చోట్ల ముందు అడిగేది మ్యాథ్స్‌నే. ఎ-లెవెల్ కంప్యూటర్ సైన్స్ లేకపోయినా చాలాచోట్ల ఇబ్బంది లేదు. కేంబ్రిడ్జ్‌లోనో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ (ఎల్‌ఎస్‌ఈ)లోనో ఎకనామిక్స్ చదవాలంటే మ్యాథ్స్ ఉండాల్సిందే. లా డిగ్రీకి ఫలానా సబ్జెక్టు కావాలని సాధారణంగా అడగరు. కేంబ్రిడ్జ్ మ్యాథ్స్‌కు ఎ-లెవెల్స్‌తో పాటు స్టెప్ అనే మ్యాథ్స్ పరీక్ష కూడా ఉంటుంది. సబ్జెక్టుల ఫారం నింపే ముందు కావలసిన ఐదారు కోర్సుల పేజీలు తెరిచి, ఒక్కోదానికి ఏ సబ్జెక్టులో ఏ గ్రేడ్ అడుగుతున్నారో కాగితం మీద రాసుకోండి. గంట పని. ఇది చేయకుండా సబ్జెక్టులు తీసుకున్నవాళ్లకు ఇయర్ 12 మధ్యలో దారి మార్చడం చాలా కష్టం.

కాలేజీని ఏం అడగాలి

గోడల మీది ఫొటోలు, ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లినవాళ్ల పేర్లు చూసి నిర్ణయం తీసుకోకండి. ముందుగా అడగాల్సింది ప్రిడిక్టెడ్ గ్రేడ్లు ఎలా వేస్తారన్న సంగతి: ఏ పరీక్షను బట్టి, ఎవరు వేస్తారు, తక్కువొస్తే సెప్టెంబర్‌లో మళ్లీ రాసుకోనిస్తారా? ఎక్కువ వేసి పంపే కాలేజీ మంచిదని మురిసిపోవద్దు. ఆఫర్ వచ్చినా ఆగస్టులో ఆ గ్రేడ్ రాకపోతే సీటు చేజారుతుంది.

తర్వాత, పరీక్ష పరిస్థితుల్లో టైం పెట్టి రాయించే టెస్టులు ఎంత తరచుగా ఉంటాయో అడగండి. చిన్న క్లాసులు, తరచూ టెస్టులు, దిద్దిన పేపర్ వెంటనే చేతికి రావడం: ఈ కాలేజీల అసలు బలం ఇదే. సందర్శనకు వెళ్లినప్పుడు ఒక విద్యార్థి దిద్దిన పేపర్ చూపించమనండి. మార్కు పక్కన ఎందుకు పోయిందో మార్క్ స్కీమ్ (మార్కులు ఎలా వేయాలో బోర్డు ఇచ్చే సూచనలు) మాటల్లో రాసి ఉంటే ఆ టీచర్‌కు పని తెలుసు. ఒట్టి టిక్కులు, చివర ఒక అంకె మాత్రమే ఉంటే ఆలోచించుకోండి.

ఏ పరీక్షల బోర్డో కూడా కనుక్కోవాలి. ఏక్యూఏ, ఓసీఆర్, పియర్సన్ ఎడెక్సెల్‌ల పేపర్లు వేర్వేరుగా ఉంటాయి. ఎడెక్సెల్ మ్యాథ్స్ అంటే రెండు గంటల చొప్పున మూడు పేపర్లు, ఒక్కోటి 100 మార్కులు. రెండు ప్యూర్ మ్యాథ్స్, మూడోది స్టాటిస్టిక్స్, మెకానిక్స్. వేరే బోర్డు పాత పేపర్లతో నెలల తరబడి సాధన చేసి మార్కులు పోగొట్టుకోకూడదు. సైన్స్ సబ్జెక్టుల్లో ప్రాక్టికల్ ఎండార్స్‌మెంట్ (ల్యాబ్ పనికి ఇచ్చే పాస్ గుర్తింపు) విడిగా ఉంటుంది. అది గ్రేడ్‌లో కలవదు, కానీ కొన్ని యూనివర్సిటీలు పాస్ అడుగుతాయి. కాలేజీకి సొంత ల్యాబ్ ఉందా, కనీసం 12 ప్రాక్టికల్స్ చేయిస్తారా?

ఇక ఒక్క ఏడాదిలో ఎ-లెవెల్ పూర్తిచేయించే కోర్సులున్నాయి. సెప్టెంబర్‌లో చేరినవాడికి యూనివర్సిటీ అప్లికేషన్ల అక్టోబర్ 15 గడువుకల్లా ప్రిడిక్టెడ్ గ్రేడ్ వేయాలంటే టీచర్ చేతిలో ఆరు వారాల పనే ఉంటుంది. మెడిసిన్‌కో, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకో వెళ్లాలనుకునేవాళ్లకు ఈ దారి మేం సిఫార్సు చేయం, ఫలితాలు వచ్చాక మరుసటి ఏడాది అప్లై చేసే ఓపిక ఉంటే తప్ప.

ఫీజు, వీసా

2025 జనవరి 1 నుంచి ప్రైవేటు స్కూలు ఫీజుల మీద 20 శాతం వ్యాట్ పడుతోంది. చెప్పిన ఫీజులో అది కలిసిందో లేదో, పరీక్ష ఫీజులు వేరేనా, మధ్యలో మానేస్తే ఎన్నాళ్ల ముందు నోటీసు ఇవ్వాలో రాతపూర్వకంగా తీసుకోండి. చాలాచోట్ల ఒక టర్మ్ నోటీసు ఇవ్వకపోతే ఆ టర్మ్ ఫీజు కట్టాల్సిందే.

చైల్డ్ స్టూడెంట్ వీసా మీద ఫీజు కట్టే ఇండిపెండెంట్ స్కూళ్లలోనే చేరొచ్చు. కాలేజీకి స్పాన్సర్ లైసెన్స్ (విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి) ఉండాలి, చూపించే డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. కానీ స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఇప్పటికే అక్కడ ఉంటున్న కుటుంబాల పిల్లలు ప్రభుత్వ సిక్స్త్ ఫామ్‌లో ఉచితంగా చదవొచ్చు. అది చూడకుండా ప్రైవేటుకు పరుగెత్తకండి.

అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఒకటుంది. అక్కడ రెండేళ్లు ఎ-లెవెల్స్ చదివితే యూనివర్సిటీలో స్థానికుల ఫీజే పడుతుందనుకుంటారు. పడదు. చదువు కోసం వచ్చి ఉన్న కాలం ఆ లెక్కలోకి రాదు. ఇంటర్నేషనల్ ఫీజు కట్టాల్సిందే. బడ్జెట్ వేసేటప్పుడు డిగ్రీ ఏళ్లనూ కలిపి వేయండి.

యూకాస్ అప్లికేషన్

యూకాస్ అంటే యూనివర్సిటీ అప్లికేషన్లు పంపే ఉమ్మడి వ్యవస్థ. అందులో మొత్తం ఐదు కోర్సులు పెట్టొచ్చు. మెడిసిన్ అయితే నాలుగే. ఐదోది వేరే సబ్జెక్టులో. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండింటికీ ఒకే ఏడాది పెట్టడం కుదరదు. ఆ రెండింటికీ, మెడిసిన్, డెంటిస్ట్రీ, వెటర్నరీ కోర్సులకూ గడువు అక్టోబర్ 15; మిగతావాటికి చాలావరకు జనవరి. కాలేజీ లోపల గడువు దానికి వారాల ముందే ఉంటుంది, ఎందుకంటే రిఫరెన్స్ (విద్యార్థి గురించి సిఫార్సు) రాయాల్సింది వాళ్లే.

ప్రవేశ పరీక్షల పేర్లు మర్చిపోవద్దు. మెడిసిన్‌కు యూక్యాట్ జులై నుంచి సెప్టెంబర్ మధ్య, ఏడాదికి ఒక్కసారే. అంటే సాధన ఇయర్ 12 వేసవికి ముందే మొదలవ్వాలి. కొన్ని యూనివర్సిటీల్లో లాకు ఎల్‌న్యాట్, కేంబ్రిడ్జ్ ఇంజనీరింగ్‌కు ఈశాట్. వీటికి యూకాస్ నుంచి కాకుండా విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. ఆ గడువు తప్పడం ఏటా జరిగే నష్టం.

2026 ప్రవేశాల నుంచి పర్సనల్ స్టేట్‌మెంట్ మూడు ప్రశ్నలుగా మారింది: ఈ కోర్సు ఎందుకు, చదువు ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశారు. మూడూ కలిపి ఖాళీలతో సహా 4000 అక్షరాలు, ఒక్కోదానికి కనీసం 350. "చిన్నప్పటి నుంచి నాకిష్టం" అన్న వాక్యం కొట్టేయండి. చదివిన ఒక విషయం, దానిలో తట్టిన ప్రశ్న, దాన్ని తేల్చుకోవడానికి చేసిన పని: ఈ మూడూ వరసగా రాస్తే ఇంటర్వ్యూలో అడగడానికీ, చెప్పడానికీ సరుకు ఉంటుంది.

ఆఫర్లు వచ్చాక ఒకటి ఫర్మ్ (మొదటి ఎంపిక), ఒకటి ఇన్సూరెన్స్ (అది పోతే ఆధారం)గా పెట్టుకుంటారు. ఇన్సూరెన్స్‌కు ఫర్మ్ కంటే తక్కువ గ్రేడ్లు అడిగేదే ఎంచుకోవాలి. రెండూ ఒకే గ్రేడ్లు అడిగితే ఒకటి పోయినప్పుడు రెండోదీ పోతుంది.

ఆగస్టులో ఫలితాల రోజు

ఫలితాలు ఆగస్టు మధ్యలో ఒక గురువారం వస్తాయి. ఆ వారంలో ప్రయాణాలు పెట్టుకోకండి. క్లియరింగ్‌లో (మిగిలిన సీట్ల భర్తీలో) యూనివర్సిటీ ఫోన్‌లో మాట్లాడాల్సింది విద్యార్థితోనే. గ్రేడ్‌కు ఒకటి రెండు మార్కులే తక్కువైతే ముందు ఫర్మ్ పెట్టుకున్న చోటికి ఫోన్ చేసి, అదే రోజు కాలేజీ ద్వారా ప్రయారిటీ రీమార్కింగ్ అడగొచ్చు. మార్కులు తగ్గే అవకాశమూ ఉందని తెలిసి సంతకం చేయాలి.

రీటేక్ అంటే మరుసటి వేసవిలో ఆ సబ్జెక్టు పేపర్లన్నీ మళ్లీ రాయాల్సిందే. కోర్సువర్క్ మార్కులు మాత్రం పాతవే వాడుకోవచ్చు. రీటేక్ గ్రేడ్లను కొన్ని మెడికల్ స్కూళ్లు ఒప్పుకోవు, కొన్ని షరతులతో ఒప్పుకుంటాయి. రీటేక్ ఫీజు కట్టకముందే మీరు అప్లై చేయాలనుకునే మెడికల్ స్కూళ్లన్నిటికీ ఈమెయిల్ పెట్టి జవాబు తెప్పించుకోండి.